‘జీరో ట్రస్టు’ నెట్‌వర్కు: తొలి పాఠముపై ఒక విమర్శ

గోలకొండ కోట గోడలు 1687లో కూలిపోలేదు. ఔరంగజేబు సేనలు సుమారు ఎనిమిది మాసములు కోటను చుట్టుముట్టి, ఫిరంగులు పేల్చి, సొరంగములు త్రవ్వి మందుపాతరలు పెట్టియు లోనికి చొరలేకపోయినవి. తుదకు ఆ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఒక రాత్రి అబ్దుల్లా ఖాన్ పన్నీ అను లోపలి సర్దారు లంచమునకు లొంగి వాకిలి తెరిపించెను. ఒకదాని లోపల ఒకటిగా కట్టిన ప్రాకారములు ఆ రాత్రి ఆదుకొనలేదు. గోడ వెలుపలివానిని ఆపును. తలుపు తీయువాడు లోపలివాడైనప్పుడు గోడకు చేయదగిన పని యేమియు లేదు.

ఆ కోటకు ఉత్తరముగా కొలది కిలోమీటర్ల దూరములో, మాదాపూరు రాళ్లగుట్టల నడుమ, సైబర్ టవర్స్ అను గుండ్రని భవనము లేచినది. నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి దానిని 1998 నవంబరు 22న ప్రారంభించిరి. హైటెక్ సిటీ ఆ భవనముతో మొదలై గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దిక్కులకు ప్రాకినది. అచ్చటి కార్యాలయములలో అడుగుపెట్టిన వారికి ఒక సంగతి తెలియును. మెడలోని కార్డును గేటు వద్ద చూపవలెను; అంతస్తు తలుపు వద్ద మరల చూపవలెను; సర్వర్ల గది వద్ద ఆ కార్డు చాలమందికి పనిచేయదు. మనిషికి ఇన్ని తలుపులు పెట్టిన భవనములలోనే, కంప్యూటరుకు మాత్రము చాలకాలము ఒకటే తలుపు ఉండెడిది. ఫైర్‌వాల్ అను గోడకు వెలుపల ఇంటర్నెట్టు, లోపల ‘మనవారు’. లోపలికి వచ్చిన యంత్రమును మరల ఎవరును ప్రశ్నింపరు.

2020 మార్చిలో కోటలోని వారందరును కొలది దినములలో వెలుపలికి పోవలసి వచ్చెను. అంతకుముందు టెలికాం శాఖ నిబంధనలు, కాల్ సెంటర్ల వంటి ‘ఇతర సేవాదాతల’ ఉద్యోగులు ఇండ్లనుండి పనిచేయుటకు పూచీసొమ్ము మొదలగు షరతులు విధించుచుండెను. మార్చి 13న వానిని తాత్కాలికముగా సడలించిరి. నవంబరు 5న కొత్త మార్గదర్శకములతో చాల షరతులను తొలగించిరి. ఇంటినుండి కార్యాలయమునకు దారి వేసినది వి.పి.ఎన్. అను ఏర్పాటు. అది ఇంటి కంప్యూటరునుండి కార్యాలయపు గోడలోనికి త్రవ్విన సొరంగము. సొరంగములో పోవు మాటను మధ్యవారు వినలేరు, అంతవరకు మేలే. కాని సొరంగము అవతలి కొస తేలునది నడివీధిలో. గుమాస్తాకు జీతముల పట్టిక ఒకటే కావలసియున్నను, అచ్చట చేరిన పిమ్మట ఏ తలుపునైనను తట్టి చూడగలడు. అతని కంప్యూటరును వశపరచుకొన్న దొంగయు తట్టి చూడగలడు.

ఇది ఊహ కాదు. 2022 జనవరిలో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ మహేశ్ సహకార పట్టణ బ్యాంకునుండి 12 కోట్ల రూపాయలకు పైగా దొంగలు కంప్యూటరు మార్గముననే తరలించిరి. నగర పోలీసులు వెల్లడించిన దాని ప్రకారము, ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్లు మొదటి మెట్టు. వానిని తెరచినవారి కంప్యూటర్లలో దూరమునుండి నడుపదగిన దొంగ ప్రోగ్రాము చేరినది. ప్రధాన కార్యాలయమునకును శాఖలకును నడుమ నెట్‌వర్కులో తగిన అడ్డుగోడలు లేనందున ఒక యంత్రమునుండి మరియొకదానికి పోవుట సులభమైనది. సైబరు భద్రతా నియమములు పాటింపనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించెను. గోలకొండ కథలో లంచము తిన్న సర్దారు ఉన్నాడు. ఇచ్చట అటువంటి ద్రోహి అవసరమే లేకపోయినది. ఒక ఉత్తరము తెరచిన గుమాస్తా చాలెను.

ఈ చిక్కునకు పరిష్కారముగా నేడు ప్రచారములో నున్న పేరు ‘జీరో ట్రస్టు’. 2004లో ఏర్పడిన జెరికో ఫోరం వారు నెట్‌వర్కు చుట్టు గోడ చాలదని అప్పుడే వాదించిరి. 2010లో ఫారెస్టర్ సంస్థకు చెందిన జాన్ కిండర్‌వాగ్ ఆ పేరును వాడుకలోనికి తెచ్చెను. గూగుల్ వారు తమ ఉద్యోగులకై నిర్మించుకొన్న బియాండ్‌కార్ప్ ఏర్పాటును 2014లో ఒక వ్యాసమున వివరించిరి. 2020 ఆగస్టులో అమెరికా ప్రమాణముల సంస్థ నిస్ట్ దీనిపై 800-207 సంఖ్య గల పత్రమును ప్రకటించెను. సారాంశము చిన్నది: యంత్రము ఎచ్చట కూర్చున్నదను దానినిబట్టి దానిని నమ్మరాదు. అది ఎవరో, ఏమి కోరుచున్నదో, ఆ కోరికకు అనుమతి ఉన్నదో లేదో ప్రతిసారియు తేల్చుకొనవలెను.

ఈ పేరుతోనే నా మొదటి తగవు. తెలుగున దీనిని ‘శూన్య విశ్వాసము’ అని అనువదించుట చూచుచున్నాము. మాటకు మాట సరిపోయినది గాని అర్థము చెడినది. విద్యార్థి దీనిని చదివి, ఇందు ఎవరిని నమ్మవలసిన పనియు లేదని తలచును. నిజమునకు నమ్మకము పోదు; చోటు మారును. నిన్నటివరకు గోడను నమ్మితిమి. నేడు గుర్తింపు పత్రములను జారీచేయు ఒక కంప్యూటరును, దాని రహస్య సంఖ్యను దాచిన డిస్కును, దానికి అధికారియైన మనిషిని నమ్ముచున్నాము. కొలదిచోట్ల, తెలిసి, వ్రాసిపెట్టుకొని నమ్ముట ఇందలి గొప్ప. ‘ఊరక నమ్మకుండుట’ అనిన ఇంతకంటె నయముగా నుండెడిది; కాని అమ్మకమునకు ఆ మాట పనికిరాదు కాబోలు.

పేరు మాట అటుంచి వస్తువును చూతము. ఈ పద్ధతిని ఖర్చు లేక నేర్చుకొనదలచిన వారికి దొరకు వానిలో ఓపెన్‌జిటీ ఒకటి. దీని మూల ప్రోగ్రాము అందరికిని బహిరంగము; అపాచీ 2.0 అను అనుమతిపై ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును. దీనిని ప్రధానముగా పోషించుచున్నది నెట్‌ఫౌండ్రీ అను అమెరికా సంస్థ. అది మన టాటా కమ్యూనికేషన్స్ ఒడిలో మొలకెత్తిన సంస్థయని పాఠకులకు తెలియకపోవచ్చును.

ఇది ‘ఓవర్‌లే నెట్‌వర్కు’. అనగా ఉన్న ఇంటర్నెట్టుపై పరచిన మరియొక నెట్‌వర్కు. వెనుకటి టెలిఫోను ఎక్స్‌ఛేంజిని స్మరించినచో దీని పనితీరు తేటపడును. చేతితో తీగలు కలుపు ఆపరేటరు ఉన్న దినములలో, ఫోను ఎత్తి “మునసబుగారి ఇల్లు” అనినచో చాలును, సంఖ్యతో పనిలేదు. ఆ ఆపరేటరు గొంతును గుర్తించి, తన వద్దనున్న జాబితాను చూచి, అనుమతి ఉన్నవారినే కలుపునని అనుకొనుడు. మునసబుగారి ఫోను సంఖ్య డైరెక్టరీలో లేనే లేదనియు అనుకొనుడు. వీధిన పోవువాడు ఆయన ఇంటికి నేరుగా ఫోను చేయు మార్గమే లేదు. ఓపెన్‌జిటీలో జాబితా పట్టుకొన్న అధికారి ‘కంట్రోలరు’. తీగలు కలుపువాడు ‘రౌటరు’. ప్రతి చందాదారునకును ఒక ‘ఐడెంటిటీ’, అనగా గుర్తింపు. పిలువదగిన ప్రతి వస్తువును ఒక ‘సర్వీసు’. పిలుచు హక్కునకు ‘డయల్’ అనియు, పిలుపు అందుకొని సేవచేయు హక్కునకు ‘బైండ్’ అనియు పేర్లు. జాబితాలో లేనిదేదియు జరుగదు.

ఇందు ఒక అందమున్నది; దానిని మెచ్చుకొనక తప్పదు. పిలుచువాడును, పిలువబడువాడును ఇరువురును తమంతట తామే ఎక్స్‌ఛేంజికి తీగ వేసికొందురు. కావున సేవచేయు సర్వరు వెలుపలివారికై తలుపు తెరచి కూర్చొనదు. ఇంటర్నెట్టులో తెరచిన తలుపులను రేయింబవళ్లు తట్టుచు తిరుగు ప్రోగ్రాములు అసంఖ్యాకములు. వానికి ఈ సర్వరు కనబడనే కనబడదు. మరియొక లాభము మన ఊళ్లకు ప్రత్యేకముగా దగ్గరిది. మొబైలు కంపెనీలు అనేకమంది చందాదారులకు కలిపి ఒక్క చిరునామాను వాడుటచే, ఇంటిలోని కంప్యూటరును వెలుపలనుండి పిలుచుట సాధారణముగా సాధ్యము కాదు. ఇరువైపులనుండియు తీగ బయలుదేరు ఈ ఏర్పాటున ఆ అడ్డంకి లేదు. సంభాషణము ఈ కొసనుండి ఆ కొసవరకు రహస్య లిపిలో పోవును. మధ్యనున్న రౌటరు తీగలు కలుపును గాని మాటలు వినలేదు.

గుర్తింపు ఇచ్చు విధానమును తరగతిలో చెప్పదగినది. కంట్రోలరు ఒక చీటీ వ్రాసి ఇచ్చును. అది ఒక్కమారే చెల్లును, దానికి గడువున్నది. కొత్త యంత్రము తన రహస్య సంఖ్యను తానే పుట్టించుకొని, దానిని ఎవరికిని చూపక, దానికి జోడైన బహిరంగ సంఖ్యను మాత్రము చీటీతోబాటు పంపును. కంట్రోలరు దానిపై ముద్రవేసి ధ్రువపత్రమును తిరిగి ఇచ్చును. అటుపిమ్మట ఆ చీటీ చించిన టిక్కెట్టుతో సమానము. పరీక్షాకేంద్రమున హాల్‌టిక్కెట్టు చూపి కూర్చున్న విద్యార్థికి ఇది బోధపడకుండుట అరుదు.

ఇక తొలి పాఠము. ‘క్విక్‌స్టార్ట్’ అను ఒక్క ఆజ్ఞతో కంట్రోలరును, రౌటరును ఒకే కంప్యూటరులో లేచి కూర్చుండును. నిమిషములో పని ముగియును. నేర్పునకు నమస్కారము. అయినను ఉపాధ్యాయుని కంటికి ఈ పాఠమున నాలుగైదు లోపములు కనబడుచున్నవి.

మొదటిది నవ్వు పుట్టించును. నేను చూచిన ప్రతిలో ఆ ఆజ్ఞ సృష్టించు అధికారి పేరు ‘అడ్మిన్’, సంకేతపదమును ‘అడ్మిన్’. ఎవరిని ఊరక నమ్మరాదని బోధించు గ్రంథము మొదటి పుటలోనే ఊరంతయు ఎరిగిన తాళపుచెవిని చేతికిచ్చుచున్నది. ఇది ప్రయోగమునకు మాత్రమే అని వారు చెప్పుకొనవచ్చును, అది నిజమే. కాని మొదట నేర్చినది చేతికి అంటుకొనును. ఒకమారు సంకేతపదము అడిగి ముందుకు పోవుటకు పట్టు కాలమెంత?

రెండవది ఇంతకంటె లోతైనది. ఆ ఆజ్ఞ అన్ని గుర్తింపులను అన్ని రౌటర్లకును, అన్ని సర్వీసులను అన్ని రౌటర్లకును కలుపు విధానములను తానే వ్రాసి పెట్టును. హాష్ గుర్తు పెట్టి ‘ఆల్’ అని వ్రాసినచో అందరును అని అర్థము. రౌటర్ల విషయమున ఇది పెద్ద తప్పు కాదు. ఎక్స్‌ఛేంజిని ఎవరు వాడవచ్చునన్న ప్రశ్న వేరు, ఎవరిని పిలువవచ్చునన్న ప్రశ్న వేరు. అయితే ఆ భేదమును తొలి పాఠము వివరించుట లేదు. నేర్చుకొనువాడు అదే మాటను డయల్ హక్కులోను వ్రాసి, పని జరిగినదని సంతోషించును. ఆ క్షణమున అతడు మరల నడివీధిని కట్టినాడు. ప్రతి కంప్యూటరును ప్రతి సర్వరును పిలువగలదు. తేడా యేమనగా ఇప్పుడు అందరి మెడలోను కార్డులున్నవి. హైటెక్ సిటీలోని ఏ కార్యాలయమైనను అన్ని తలుపులను తెరచు కార్డును అందరికిని పంచి, మాకు కట్టుదిట్టమైన కాపలా ఉన్నదని చెప్పినచో ఎట్లుండును?

మూడవది, ఒకే కంప్యూటరులో జరుగు పాఠము నెట్‌వర్కు పాఠము కాదు. పక్క బల్లమీది యంత్రమునుండి పిలువబోయినచో జవాబు రాదు. ఏలయనగా కంట్రోలరు తన చిరునామాను వేరుగా చెప్పనిచో తనను తానే చిరునామాగా చాటుకొనును. దానిని మార్చు ఉపాయమున్నది గాని అది తరువాతి పుటలలో దాగినది. అంతేగాక, ప్రోగ్రామును ఆపిన వెంటనే చేసిన పనియంతయు తుడిచిపెట్టుకొని పోవును. నిలుపుకొనదలచినచో ముందుగానే ఒక చోటు చూపవలెను. సోమవారము తరగతిలో కట్టినది బుధవారము తరగతికి ఉండదు. కార్యాలయపు ఇంజనీరునకు ఇది సౌకర్యము. వారమునకు రెండు పీరియడ్లు దొరకు ఉపాధ్యాయునకు ఉపద్రవము.

నాలుగవ చిక్కు గ్రంథకర్తల దోషము కాదు గాని, మన బడుల సంగతి కనుక వ్రాయుచున్నాను. ఒక ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ఈ పాఠమును నడిపించబోయి అరగంట వ్యర్థము చేసితిని. ఒక యంత్రము చీటీని ఎంతకును ఒప్పుకొనదు. ధ్రువపత్రము చెల్లదని మాత్రము చెప్పును. తుదకు ఒక తొమ్మిదవ తరగతి బాలిక తెర మూలను చూపి, “సార్, దీనికి ఇంకా 2012 నడుస్తోంది” అనెను. లోపలి బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చినది. విద్యుత్తు పోయినప్పుడెల్ల ఆ కంప్యూటరు గడియారము వెనుకకు పోవుచున్నది. ధ్రువపత్రముపై ‘ఈ తేదీనుండి ఈ తేదీవరకు’ అని ఉండును. 2012లో బ్రదుకుచున్న యంత్రము దృష్టిలో నిన్న పుట్టిన పత్రము ఇంకను పుట్టనే లేదు. ఆ యంత్రము తర్కము నిర్దుష్టము! గడియారములను సరిచూచుకొనుడని తొలి పుటలో ఒక వాక్యమున్నచో ఎంత మేలు. జీరో ట్రస్టు అని పేరు పెట్టుకొన్న పద్ధతి గోడగడియారమును ఎంత గట్టిగా నమ్మియున్నదో ఆ దినము పిల్లలు చూచిరి. ఆ బాలిక ప్రశ్న వలన తరగతికి లాభమే కలిగినదనవలెను.

ఇతర పరికరములను గూర్చి రెండు మాటలు. వైర్‌గార్డ్ 2020 మార్చిలో వెలువడిన లైనక్స్ 5.6లో భాగమైనది, చిన్నది, చురుకైనది, చదువదగినది. కాని అది సొరంగమును మాత్రమే ఇచ్చును. ఎవరు దేనిని పిలువవచ్చునను జాబితాను మనమే వేరుగా ఏర్పరచుకొనవలెను. స్లాక్ సంస్థ 2019లో బహిరంగపరచిన నెబ్యులాలో ప్రతి యంత్రమునకును ధ్రువపత్రమున్నది. ధ్రువపత్రములోనే జట్టు పేరును ఉండును. నాలుగు యంత్రముల ప్రయోగశాలకు అదియే ముందు బోధించుట సులభమని నా అభిప్రాయము. ఓపెన్‌జిటీ ప్రత్యేకత వేరొకచోట నున్నది. అది యంత్రమునకే గాక, గో, సి, జావా, పైథాన్ వంటి భాషలలో వ్రాసిన ఒక్క ప్రోగ్రామునకు కూడ గుర్తింపు ఇవ్వగలదు. అప్పుడు కంప్యూటరంతయు కాదు, ఆ ప్రోగ్రాము ఒక్కటే ఎక్స్‌ఛేంజికి చందాదారు. ఇంత విలువైన సంగతి తొలి పాఠమున తలపునకైనను రాకపోవుట విచారకరము.

ఇట్టి నెట్‌వర్కు ఉన్నచో ఆ బ్యాంకు సొమ్ము నిలిచెడిదా అని విద్యార్థులు అడుగుదురు. నిజాయితీగా చెప్పవలసిన జవాబు ‘సగము’. ఉత్తరము తెరచిన ఉద్యోగి కంప్యూటరు దొంగ వశమగుట ఇది ఆపదు. ఆ యంత్రమునకున్న హక్కులన్నియు దొంగకును చెల్లును. కంట్రోలరు కంటికి ఇరువురును ఒక్కటే. ఆపగలిగినది రెండవ అడుగును: ఆ యంత్రమునుండి పక్క యంత్రమునకు, అచ్చటినుండి ఖాతాల సర్వరునకు పోవు నడకను. అదియు జాబితాను పొదుపుగా వ్రాసినప్పుడే. ఇక దొంగ చేరినది కంట్రోలరు అధికారి కంప్యూటరునకే అయినచో, వాడు తనకు కావలసిన గుర్తింపులను తానే వ్రాసికొనును. కనుక కంట్రోలరును ఎచ్చట ఉంచవలెను, దాని మూల రహస్య సంఖ్యను ఎవరు దాచవలెను అన్నవి తరువాతి సంగతులు కావు. రెండవ పాఠముగానైనను రావలెను. ఒకటికి మించి కంట్రోలర్లను జట్టుగా నడుపు ఏర్పాటు ఇప్పుడున్నది. అది ఒకటి చెడినప్పుడు పని ఆగకుండుటకు ఉపయోగించును గాని, అధికారి మోసపోయినప్పుడు ఆదుకొనదు.

చివరి లోపము ఒకటి మిగిలినది. అనుమతి లేని సర్వీసు ఓపెన్‌జిటీలో అడిగినవానికి కనబడదు. ‘నీకు హక్కు లేదు’ అని కూడ చెప్పదు. అట్టి పేరే లేదన్నట్లు ఊరకుండును. భద్రత దృష్టితో ఇది సరియైన మౌనము. తలుపు ఉన్నదని తెలిసినవాడే దానిని పగులగొట్టు ఆలోచన చేయును. కాని నేర్చుకొనువానికి ఈ మౌనము గోడ. ఆ బడిలోనే ఇద్దరు బాలురు పక్కపక్కన కూర్చొని ‘గ్రంథాలయము’ అను సర్వీసును పిలిచిరి. ఒకడు పేరులో ఒక అక్షరము తప్పు వ్రాసెను. రెండవవాడు పేరు సరిగనే వ్రాసెను గాని వానికి డయల్ హక్కు ఇచ్చుట నేను మరచితిని. ఇద్దరి తెరలపైనను ఒకటే జవాబు వచ్చినది. పీరియడు ముగియువరకు ఇద్దరును తమ తమ అక్షరములనే దిద్దుకొనుచు కూర్చుండిరి. కంట్రోలరు వైపునుండి చూచువారికి, ఫలానావానికి ఫలానా సర్వీసు ఏల కనబడలేదో పరిశీలించి చెప్పు ఆజ్ఞ ఈ పరికరములోనే ఉన్నది. దానిని తొలి పాఠములో చేర్చియున్నచో, రెండవ బాలుని తప్పు వానిది కాదని ఆ గంట మ్రోగకముందే తెలిసియుండెడిది.